గాజు పూలజాడీలు సేకరించాలంటే: ఫిరోజాబాదా, బొహీమియానా, మురానోనా?

ఒంగోలులో మా మేనకోడలు కొత్త ఇల్లు కట్టుకుంది. హాలు గోడలో నాలుగు గూళ్లు పెట్టించి, వాటి అడుగున చీమకుర్తి నల్ల గ్రానైట్ పలకలు వేయించింది. గృహప్రవేశమైన వారానికి ఫోను చేసింది. “అత్తా, ఈ గూళ్లలో చేత్తో చేసిన గాజు జాడీలు పెట్టాలని ఉంది. పదివేలు దాచాను. ఫిరోజాబాద్ జాడీలైతే నాలుగు గూళ్లూ నిండుతాయి. చెక్ దేశానిదైతే ఒకటే వస్తుంది. ఇటలీలోని మురానో దీవిది అని చీటీ అంటించినది కూడా ఒకటి చూశాను. ఏది కొనమంటావు?”

నేను నెల్లూరులో ఉంటూ పద్దెనిమిదేళ్లుగా గాజు జాడీలు సేకరిస్తున్నాను. ఇదే ప్రశ్న ఇంకా చాలామంది అడిగారు. నా జవాబు మారలేదు. ముందు జాడీని తిరగేసి అడుగు చదవడం నేర్చుకోండి. అది వచ్చేదాకా గాజును చూసి కొనండి, వచ్చాక పేరును చూసి కొనండి. ఈ వరుస తప్పినవాళ్లే ఎక్కువగా నష్టపోయారు. వారిలో నేనూ ఉన్నాను.

చిల్లకూరు, కోట వైపు తీరంలో తెల్లటి ఇసుక తవ్వి లారీలకు ఎత్తడం మనవాళ్లు చాలామంది చూసే ఉంటారు. అది సిలికా ఇసుక, గాజుకు ముడిసరుకు. మన నేల నుంచి వెళ్లిన ఇసుక కిటికీ అద్దంగానో సీసాగానో తిరిగి మన ఇంటికే వస్తుంది. చేతితో ఊదిన కళాత్మక గాజును మాత్రం మనం దూరం నుంచే తెచ్చుకోవాలి. అందువల్ల కొనేటప్పుడు సరిచూసుకోవలసిన భారమంతా మనమీదే ఉంటుంది.

## ఏ జాడీకైనా ముందుగా చూడవలసినవి

అడుగు. గాజు ఊదేవాడు బోలు ఇనుప గొట్టం కొనతో కరిగిన గాజును ముద్దగా తీసుకొని ఊదుతాడు. ఆకారం వచ్చాక మూతి దిద్దాలంటే జాడీని ఆ గొట్టం నుంచి విడదీయాలి. అప్పుడు పట్టుకోవడానికి అడుగున మరో ఇనుప కడ్డీని చిటికెడు వేడి గాజుతో అతికిస్తాడు. పని ముగిశాక కడ్డీని తట్టి ఊడదీస్తాడు. అక్కడ మిగిలే మచ్చను పాంటిల్ గుర్తు అంటారు. నేను దాన్ని జాడీకి బొడ్డు అని పిలుచుకుంటాను. కొన్నిటికి అది గరుకుగా, వేలికి గుచ్చుకునేలా ఉంటుంది. శ్రద్ధగా చేసినవాటికి సానపట్టి, నున్నటి గుంటలా మెరుగుపెడతారు. బొడ్డు ఉన్న జాడీ మూతి సాధారణంగా నిప్పులో మెత్తబడి గుండ్రంగా తిరిగి ఉంటుంది.

బొడ్డు లేకపోతే యంత్రం సరుకేనని తేల్చేయకూడదు. అచ్చులోకి నోటితో ఊది, పైభాగం కోసి, అంచును సానపట్టే పద్ధతి కూడా ఉంది. దానికి కడ్డీ అవసరం ఉండదు, అడుగున మచ్చా ఉండదు. అలాంటివాటికి మూతి అంచు బల్లపరుపుగా, కోసినట్టుగా ఉంటుంది. జాడీ పక్కల నిలువుగా పైనుంచి కిందిదాకా సన్నని గీత చేతికి తగిలితే అది అచ్చు అతుకు. గోడ మందం అంతటా ఒకేలా ఉండి, నగిషీ అంచులు మొద్దుగా ఉంటే అది ఒత్తి చేసిన గాజు. దానిలోనూ అందమైనవి ఉంటాయి, కానీ చేతిపని ధర ఇవ్వనవసరం లేదు.

లోపలి బిగువు. వేడి గాజును నియమిత ఉష్ణోగ్రత ఉన్న గదిలో గంటల తరబడి నెమ్మదిగా చల్లార్చాలి. తొందరపడితే పైపొర ముందు గట్టిపడి లోపల బిగువు నిలిచిపోతుంది. మా ఇంట్లో ఒక లావుపాటి నీలం జాడీ కొన్న నెల తరువాత, ఎవరూ తాకకుండానే, అర్ధరాత్రి టక్కున రెండు ముక్కలైంది. దీన్ని ముందే పట్టుకునే ఉపాయం ఒకటి ఉంది. ల్యాప్‌టాప్ తెరమీద తెల్లటి పేజీ తెరవండి. పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలను కంటి ముందు పట్టుకొని, తెర నల్లగా కనిపించేదాకా తిప్పండి. ఇప్పుడు తెరకూ కళ్లద్దాలకూ మధ్య జాడీని పెట్టండి. బాగా చల్లార్చిన గాజు దాదాపు చీకటిగానే ఉంటుంది. బిగువు ఉన్నచోట తెల్లటి వెలుగు, రంగురంగుల చారలు కనిపిస్తాయి. అవి ఒకేచోట గుమిగూడి ఉంటే ఆ జాడీ వద్దు. ముదురు రంగు గాజుకు ఈ పరీక్ష పనికిరాదు, రంగులేని తెల్లగాజుకూ లేతరంగులకూ చక్కగా పనిచేస్తుంది.

మన నీళ్లు. ఈ సంగతిని ఏ దేశపు పుస్తకమూ మనకోసం చెప్పదు. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలు రెండింటిలోనూ చాలాచోట్ల బోరు నీరు గట్టినీరు. బకెట్లకు తెల్లటి చార కట్టే నీరే జాడీలో వారం రోజులుంటే లోపల పొగమంచులాంటి పొర కడుతుంది. సున్నపు చారైతే వెనిగర్‌లో గుప్పెడు బియ్యం వేసి కలియతిప్పితే పోతుంది. కానీ నీరు నెలల తరబడి నిలిచి గాజులోని క్షారాన్ని లాగేస్తే పడే మసక ఇక పోదు. పాత జాడీ కొనేటప్పుడు లోపల నూనెరాసి ఆ మసకను దాచేవాళ్లున్నారు. లోపలికి వేలు పెట్టి జిడ్డు తగులుతోందేమో చూడండి. తడిగా ఉన్న జాడీని ఎప్పుడూ కొనకండి. తడిలో మాయమైన మసక ఆరగానే తిరిగి వస్తుంది. పూలు పెట్టే ఉద్దేశం ఉంటే చేయిపట్టేంత మూతి ఉన్నదే తీసుకోండి, ఆర్వో నీళ్లు పోయండి.

వెలుగు, రాయి. రంగు గాజు వెనకనుంచి వెలుగు వస్తేనే పలుకుతుంది. నల్ల గ్రానైట్ మీద పెట్టిన ముదురు నీలం, ముదురు ఊదా జాడీలు నల్లగానే కనిపిస్తాయి. అక్కడ తేనెరంగు, పాలతెలుపు, లేత ఆకుపచ్చ బాగుంటాయి. గ్రానైట్ మీద గాజును కాస్త బరువుగా దించినా అడుగు అంచు చిట్లుతుంది. కిందకు మందపాటి ఉన్నిగుడ్డ ముక్క వేయండి. నీళ్లు నింపిన గుండ్రటి తెల్లగాజు జాడీని ఎండపడే కిటికీలో పెట్టవద్దు. అది భూతద్దంలా పనిచేసి కిటికీ తెరను కాల్చగలదు. మన మే నెల ఎండకు ఈ జాగ్రత్త ఉండాలి.

## ఫిరోజాబాద్

తెలుగులో గాజు అంటే పదార్థమూ అదే, చేతికి వేసుకునేదీ అదే. ఆ రెండో అర్థంలో మన ఇళ్లకు ఫిరోజాబాద్ కొత్త కాదు. నెల్లూరు చిన్నబజారులో గాజుల దుకాణానికి వెళ్లి రెండు డజన్ల మట్టిగాజులు వేయించుకున్నవారు ఆ ఊరి పని చేతికి తొడుక్కున్నట్టే. ఉత్తరప్రదేశ్‌లో ఆగ్రాకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరు గాజులతోపాటు జాడీలు, దీపపు బుడ్లు, షాండిలియర్లు చేస్తుంది. తాజ్‌మహల్ పరిరక్షణ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు ఇచ్చాక అక్కడి కొలిములు బొగ్గు మాని సహజవాయువుకు మారాయి.

నోటితో ఊదిన నిజమైన చేతిపని ఇంత తక్కువ ధరకు ఇంకెక్కడా దొరకదు. చిన్న జాడీలు వందల్లో, పెద్దవి రెండు మూడు వేలలో వస్తాయి. నేర్చుకునేవారికి ఇంతకన్నా మంచి పాఠశాల లేదు. నాలుగు జాడీలు వరుసగా పెట్టి తిరగేస్తే నాలుగు రకాల బొడ్లు కనిపిస్తాయి. ఒకదానిలో బుడగలు సాగి ఉంటాయి, ఇంకోదాని మూతి ఒకవైపు కాస్త వాలి ఉంటుంది. చేయి ఎలా కదిలిందో అవి చెబుతాయి. బుడగలు, వంకర్లు ఉన్నంతమాత్రాన లోపమనుకోకండి.

అసలు లోపం చల్లార్చడంలో ఉంటుంది. ఆ పనికి సమయమూ ఇంధనమూ కావాలి. చవకగా అమ్మాలనుకునే చోట మొదట కోతపడేది అక్కడే. మందపు అడుగు, పలుచని గోడ ఉన్న జాడీల్లో ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే రెండూ వేర్వేరు వేగాల్లో చల్లారతాయి. రెండు రంగుల పొరలున్నవాటిలో, ఆ రెండు గాజులూ వేడికి ఒకేలా వ్యాకోచించకపోతే కొన్నాళ్లకు పగుళ్లు వస్తాయి. చేసినవారి పేరు చాలావాటిపై ఉండదు. నమూనాలు విదేశీ జాడీలకు నకళ్లుగా ఉండటం నన్ను బాధించే విషయం. అంత నైపుణ్యమున్న చేతులు ఇతరుల ఆకారాలను ఎందుకు మోయాలి?

గాజు పని దూరపు ఊళ్ల సొత్తేనని అనుకోనవసరం లేదు. నెల్లూరు నుంచి తిరుపతి వెళ్లేదారిలో, శ్రీకాళహస్తి దాటాక వచ్చే పాపానాయుడుపేట గాజుపూసలకు ప్రసిద్ధి. కరిగిన గాజు ముద్దనుంచి సన్నని బోలు గొట్టాన్ని లాగి, ముక్కలు కోసి పూసలు చేసే అతి పాత పద్ధతి అక్కడ మన కాలం దాకా నిలిచింది. అక్కడ జాడీలు చేయరు. అయినా పూసలు ఒక గుప్పెడు తెచ్చి తెల్లగాజు జాడీలో పోసి చూడండి.

## బొహీమియా, అంటే నేటి చెక్ దేశం

ఇక్కడి బలం చెక్కడంలో ఉంది. అడవుల బూడిదనుంచి తీసిన పొటాష్‌తో చేసిన బొహీమియా గాజు త్వరగా గట్టిపడుతుంది. వేడిగా ఉన్నప్పుడు సాగదీసి ఆడుకోవడానికి అది అంతగా లొంగదు, చల్లారాక చక్రంమీద కోయడానికి, బొమ్మలు చెక్కడానికి బాగా నిలుస్తుంది. నోవీ బోర్ పట్టణం ఈ పనికి పేరుపొందింది. 1830లలో ఫ్రీడ్రిఖ్ ఎగర్‌మాన్ తెల్లగాజుకు కెంపురంగు పూత వేసే పద్ధతిని అక్కడే తెచ్చాడు. కార్లోవీ వారీలో 1857లో మొదలైన మోసర్ సంస్థ సీసం కలపని స్ఫటిక గాజుకు ప్రసిద్ధి.

కొనేటప్పుడు ఎరుపును జాగ్రత్తగా చూడాలి. గాజంతా ఎరుపేనా, తెల్లగాజుమీద ఎర్రగాజు పొరా, పైన పూత మాత్రమేనా? పొర ఉన్న జాడీలో కోత అంచుదగ్గర ఎరుపు మందం కనిపిస్తుంది. పూతైతే మందమే ఉండదు, గీత పడితే తెలుపు బయటపడుతుంది. మూడూ నిజమైన పనులే, ధరలు మాత్రం వేరు. కోతలను వేలితో తడమండి. చక్రంమీద చేత్తో కోసిన అంచు పదునుగా, గీరుకునేలా ఉంటుంది. అచ్చులో ఒత్తినది సబ్బులా జారుతుంది.

మన దగ్గర ‘బొహీమియా క్రిస్టల్’ అని పెట్టెలో వచ్చే జాడీలు చాలావరకు యంత్రంమీద తయారైనవి. అవి మోసం కాదు. పెట్టెమీద చేతిపని అని రాసి ఉండదు కూడా. ఆ మాట మన ఊహలో చేరుతుంది. చేతితో చెక్కినది కావాలంటే అమ్మకందారును ఆ ప్రశ్న సూటిగా అడిగి, బిల్లుమీద రాయించుకోండి. ఐరోపా నియమం ప్రకారం సీసపు స్ఫటికం అనిపించుకోవాలంటే కనీసం 24 శాతం సీసపు ఆక్సైడ్ ఉండాలి. అందుకే అది బరువుగా ఉండి, గోటితో మీటితే గుడిగంటలా సాగుతుంది. పూలకు పరవాలేదు, తాగే నీళ్లు నిల్వ ఉంచడానికి వాడకండి.

చెక్కిన గాజు మన ఇళ్లలో కలిసివచ్చేది ఒక కారణంవల్ల. వెనక వెలుగు లేకపోయినా, పక్కనుంచి పడిన చిన్న బల్బు వెలుగును కోతలే విరిచి చిమ్ముతాయి. గోడలో లోతుగా ఉన్న గూటికి ఇదే తగినది. కష్టం కూడా అక్కడే ఉంది. దుమ్ము, సముద్రపు ఉప్పుగాలి తేమ కోతల్లో పేరుకుంటాయి. మైపాడు, కొత్తపట్నం దగ్గర ఇళ్లున్నవారు నెలకొకసారైనా మెత్తటి బ్రష్షుతో కడుక్కోవలసి వస్తుంది.

## మురానో

1291లో వెనిస్ ప్రభుత్వం గాజు కొలిములను మురానో దీవికి మార్పించింది. అప్పటినుంచి ఆ పేరే గాజుకు మారుపేరైంది. వాళ్ల సోడా గాజు ఎక్కువసేపు మెత్తగా ఉంటుంది, కాబట్టి వేడిలోనే లాగి, మెలితిప్పి, పొరలు కప్పుతారు. ఒక రంగు గాజును మరో రంగులో ముంచి కప్పే సొమ్మెర్సో, గాజు కడ్డీల ముక్కలతో పూలు పరిచే మిల్లెఫియోరి, దారంలాంటి గీతలను లోపల అల్లే ఫిలిగ్రానా అనే మూడింటినీ కంటితో గుర్తుపట్టడం నేర్చుకోండి. 1921లో మొదలైన వెనీని సంస్థ పాత పద్ధతులను కొత్త ఆకారాలకు మళ్లించింది. చేతిరుమాలును గాలిలో విసిరినట్టుండే దాని ఫజ్జొలెత్తో జాడీ 1940ల చివరలో వచ్చింది. నేటికీ ఎక్కువగా అనుకరించేవాటిలో అది ఒకటి.

ఇక్కడ నా అభిప్రాయం గట్టిగా చెప్తాను. తొలి జాడీగా మురానో కొనవద్దు. గాజు గొప్పదే. చిక్కంతా చీటీతోనే. అంటించిన కాగితాన్ని ఎవరైనా ముద్రించగలరు. ‘మురానో తరహా’ అనే మాటలో రెండో పదం చిన్న అక్షరాల్లో ఉంటుంది. వెనెటో ప్రాంతీయ ప్రభుత్వం 1994లో చేసిన చట్టం ద్వారా ‘వెత్రో ఆర్టిస్టికో మురానో’ అనే గుర్తును తెచ్చింది. దీవిలో చేసినవాటికే ఆ గుర్తు వాడాలి. అయితే అక్కడి కొలిములన్నీ దాన్ని వాడవు, అందువల్ల గుర్తు లేనిదంతా నకిలీ కాదు. పాతవాటికి అది ఎలాగూ ఉండదు. కాబట్టి చివరికి గాజునే చదవాలి. మిల్లెఫియోరి పూలు మసకగా, అంచులు కరిగిపోయినట్టుగా ఉన్నాయా? రెండు రంగుల మధ్య సరిహద్దు తేటగా ఉందా, బుడగలతో నిండి ఉందా? అడుగు సానపట్టి ఉందా, తెల్లటి పొడితో గరుకుగా వదిలేశారా?

ఒక మహానగరంలో మంచి దుకాణంలోనే బంగారు రేకుల జాడీని మురానోదని నమ్మి కొన్నాను. ఏడాది తరువాత అదే అచ్చు, అదే చీటీ వేరే దేశం పేరుతో అమ్మకానికి కనిపించింది. ఇప్పటికీ దాన్ని ఉంచుకున్నాను. కొత్తవారికి చూపడానికి పనికొస్తోంది.

2023లో అమెరికాలోని వర్జీనియాలో ఒకామె పాతసామాను దుకాణంలో 3.99 డాలర్లకు కొన్న జాడీ, వెనీని కోసం కార్లో స్కార్పా 1942లో రూపొందించిన ‘పెన్నెల్లాటే’ వరుసలోదని తేలింది. అది ఆ డిసెంబరులో వేలంలో 1,07,100 డాలర్లు పలికింది. ఈ కథ విని ప్రతి పాతసామాను కొట్టులోనూ మురానో వెతికేవారున్నారు. ఆమె మాత్రం అడుగున ఉన్న గుర్తును గమనించింది, ఆ తరువాత తెలిసినవారిని అడిగింది. ఆ అలవాటును మనమూ చేసుకోవచ్చు.

## ఫిన్లాండ్, స్వీడన్

స్వీడన్‌లో కోస్తా గాజు కర్మాగారం 1742లో, ఓరెఫోర్స్ గాజు కర్మాగారం 1898లో మొదలయ్యాయి. ఫిన్లాండ్ వాస్తుశిల్పి అల్వార్ ఆల్టో 1936లో గీసిన అలల అంచుల జాడీని ఇత్తాలా కొలిమిలో నేటికీ నోటితో ఊది చేస్తున్నారు. తొలిరోజుల్లో చెక్క అచ్చుల్లో ఊదేవారు. సంస్థ గుర్తు, కొలతలు, రంగు పేర్లు స్పష్టంగా ఉండటంవల్ల సరిచూసుకోవడం తేలిక. మూతి వెడల్పుగా ఉంటుంది, గట్టినీటి చార కడుక్కోవచ్చు. మన ఇంటి రంగుల మధ్య మరీ నిశ్శబ్దంగా ఉంటాయనిపిస్తే మానేయండి.

## మన దేశపు స్టూడియో కళాకారులు

కళాకారుడు ఒక్కడే సొంత కొలిమి ముందు కూర్చొని గాజు చేయడం ఇటీవలి సంగతే. 1962లో అమెరికాలోని టొలేడో మ్యూజియంలో హార్వే లిటిల్టన్ నడిపిన శిక్షణ శిబిరాల్లో, డొమినిక్ లబీనో సాయంతో, చిన్న కొలిమిలోనూ గాజును కరిగించి ఊదవచ్చని తేలింది. అంతకుముందు గాజు పని కర్మాగారాల్లోనే సాగేది. ఆ దారిలో నడిచేవారు మన దేశంలో తక్కువమందే ఉన్నారు, పెద్ద నగరాల్లో ఉన్నారు.

వీరి జాడీ ఫిరోజాబాద్‌దానికన్నా ఎన్నో రెట్లు ఖరీదు. ఆ ధరకు ఆకారం వెనక ఒక మనిషి ఆలోచన వస్తుంది, అడుగున సంతకమూ సంవత్సరమూ వస్తాయి. ఎన్ని గంటలు చల్లార్చారని నేరుగా అడగవచ్చు. నేనొకసారి అలా అడిగితే ఆ కళాకారిణి తన కొలిమి పుస్తకంలోని ఆ రోజు పేజీని ఫోటో తీసి పంపింది. నా సేకరణలో నేను ఎక్కువసార్లు చేతిలోకి తీసుకునేది ఆ జాడీనే. మళ్లీ అమ్మితే ఎంత వస్తుందో మాత్రం లెక్క వేసుకోకండి. ఈ పనికి మన దగ్గర రెండోచేతి అంగడి ఇంకా కుదురుకోలేదు.

## పాత జాడీలు

కారైకుడిలో మునీశ్వరన్ కోయిల్ వీధి పాత వస్తువుల దుకాణాలకు పేరు. చెట్టినాడు భవంతుల సామాను అక్కడికి చేరుతుంది, వాటిలో ఐరోపా గాజు కూడా కనిపిస్తుంది. నెల్లూరునుంచి చెన్నై మీదుగా వెళ్లాలి, ఒకరోజు పని కాదు. నోటు పరీక్షకు వాడే చిన్న అతినీలలోహిత టార్చి జేబులో ఉంచుకోండి. యురేనియం కలిపిన పాత గాజు ఆ వెలుగులో ఆకుపచ్చగా మెరుస్తుంది. చూడటానికి ఇంట్లో పెట్టుకుంటే భయం లేదు, తినే తాగే పాత్రగా మాత్రం వద్దు.

పొరలు తొలిచి పూలు, లతలు తేల్చిన ఫ్రెంచి జాడీమీద ‘గాలే’ అన్న సంతకం కనిపిస్తే తొందరపడకండి. ఆ పేరుగల ఫ్రెంచి గాజు కళాకారుడు ఎమిల్ గాలే 1904లో మరణించాడు. ఆ తరువాత కొంతకాలం సంతకం పక్కన నక్షత్రం వేశారు. మన కాలంలో రుమేనియాలో చేసిన నకళ్లపై ‘టిప్’ అన్న చిన్నమాట గాలే పేరుతో కలిపి ఉంటుంది. ఆ భాషలో దానికి ‘తరహా’ అని అర్థం. కొందరు ఆ మాటను అరగదీసి అమ్ముతారు. సంతకం పక్కన గాజు నునుపులో తేడా ఉందేమో వేలితో చూడండి.

## పక్కపక్కన పెడితే

| ఎంపిక | ఖర్చు | మోసపోయే అవకాశం | మన నీరు, గాలికి | ఎక్కడ ఒప్పుతుంది |
|---|---|---|---|---|
| ఫిరోజాబాద్ | వందలనుంచి రెండు మూడు వేలు | తక్కువ. పగిలే భయం ఉంది | వెడల్పు మూతివి మంచివి | ఎండ వెలుగు పడే చోట |
| బొహీమియా, చేతికోత | వేలల్లో | యంత్రపు సరుకుతో పొరపాటు | కోతల్లో దుమ్ము చేరుతుంది | గోడ గూడు, బల్బు వెలుగు |
| మురానో | వేలనుంచి లక్షలు | చాలా ఎక్కువ | పూలకన్నా చూడటానికే | వెనక వెలుగున్న షోకేసు |
| ఫిన్లాండ్, స్వీడన్ | వేలల్లో | తక్కువ | కడగడం తేలిక | భోజనాల బల్ల |
| మన స్టూడియో పని | వేలల్లో | దాదాపు లేదు | చేసినవారినే అడగవచ్చు | చేతికందే చోట |
| పాతవి | బేరంమీద | చాలా ఎక్కువ | మసక ఉందో చూడాలి | అద్దాల బీరువా |

## మీరు ఎవరైతే ఏది

అద్దె ఇంట్లో ఉండి, చిన్నపిల్లలున్నవారు అడుగు బరువైన ఫిరోజాబాద్ జాడీలు రెండు చాలనుకోండి. పొడవు మెడవి వద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం వార్త వినగానే కిటికీ పక్కనుంచి తీసి కిందపెట్టండి.

రోజూ పూలు పెట్టేవారికి ఆల్టో తరహా వెడల్పు మూతి ఒప్పుతుంది. చామంతులు, గులాబీలు గుత్తుగా నిలుస్తాయి. లిల్లీ కాడలకు మాత్రం పొడవైన ఫిరోజాబాద్ జాడీయే కావాలి. బంగారు పూత, ఇంద్రధనుస్సు మెరుపు ఉన్న జాడీల్లో నీళ్లు పోయకండి, వాటిని వెనిగర్‌తో కడగకండి.

పెళ్లికి ఇవ్వాలనుకునేవారు, “శుభకార్యానికి గాజు ఇస్తారా?” అని పెద్దలు అంటారని జంకుతారు. పెళ్లికూతురు చేతినిండా ఉండేది గాజే కదా అని మా అమ్మ అనేది. స్టూడియో జాడీపై తేదీ వేయించి ఇస్తే ఆ జంటకు అది గుర్తుగా నిలుస్తుంది.

ధర పెరుగుతుందని కొనేవారికి ఆరింటిలో ఏదీ చెప్పను. నెల్లూరులోగానీ ఒంగోలులోగానీ గాజు జాడీని తిరిగి కొనే వ్యాపారి నాకు కనబడలేదు.

నిజంగా సేకరించాలని మనసు పడినవారు కొనడానికి ముందు హైదరాబాదు వెళ్లండి. సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి సికింద్రాబాదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో వెనిస్, బొహీమియా, ఫ్రాన్సు, ఇంగ్లండు గాజు పక్కపక్కనే ఉంది. శుక్రవారం సెలవు, ఆ రోజు తప్పించండి. అడుగు తిరగేసి చూడలేకపోయినా, మంచి ఎరుపు ఎలా ఉంటుందో, పదునైన కోత వెలుగును ఎలా విరుస్తుందో కంటికి పడుతుంది. ఆ తరువాత అంగట్లో ఏది చూసినా కన్ను దానితో పోల్చుకుంటుంది.

మా మేనకోడలు ముందు మ్యూజియం చూసొచ్చింది. తేనెరంగు ఫిరోజాబాద్ జాడీలు రెండు కొని, బొడ్లు నాకు ఫోటో తీసి పంపింది. మిగిలిన డబ్బు చేతికోత చెక్ జాడీకి సరిపోలేదు, మరో నాలుగు నెలలు కూడబెట్టి కొనుక్కుంది. మురానో చీటీ ఉన్నదాన్ని మళ్లీ వెళ్లి తిరగేసి చూసిందట. అడుగు గరుకుగా, తెల్లటి పొడితో ఉందని చెప్పి అక్కడే పెట్టేసి వచ్చింది. నాలుగో గూట్లో ప్రస్తుతం పాపానాయుడుపేట పూసల గిన్నె ఉంది.

## ఇంటికి తేవడం

జాడీ లోపల ముందు మెత్తటి గుడ్డ కూరండి. చాలామంది బయటే చుట్టి లోపల వదిలేస్తారు, అందుకే మెడ దగ్గర విరుగుతుంది. తరువాత పాత నూలుచీర మూడు చుట్లు చుట్టి, జాడీకన్నా నాలుగు వేళ్ల వెడల్పు ఎక్కువున్న అట్టపెట్టెలో వరిగడ్డి దట్టించి మధ్యలో నిలబెట్టండి. గడ్డి బాగా ఎండి ఉండాలి, తేమ ఉంటే రంగు పూతకు మచ్చ పడుతుంది. రైల్లో పెట్టెను సీటుకింద పెట్టకండి, ఒళ్లో పెట్టుకోండి. ఏసీ బోగీలోంచి దిగి ఇంటికి చేరగానే విప్పకుండా రెండు గంటలు ఆగండి. చల్లబడిన గాజుమీద మన తీరపు తేమ చెమటలా పడుతుంది, చేతిలోంచి జారేది అప్పుడే.